ఆర్డర్ పికింగ్ పాఠాలు – 3: దారి నిర్ణయించుకోవడం

ఆర్డర్ పికింగ్ అంటే లిస్టులో ఉన్న సరుకులను గోడౌన్ అరల నుంచి తీసి ఒకచోట చేర్చడం. కిందటి పాఠంలో అందుకు వాడే, మనిషిని పై అరల దాకా ఎత్తే బండి తనిఖీ, కింద పడకుండా కాపాడే హార్నెస్ (బెల్టు) కట్టుకునే పద్ధతి నేర్చుకున్నాం. గోడౌన్‌లో సమయమంతా ఎక్కువగా ర్యాకు నుంచి ర్యాకుకు తిరగడంలోనే పోతుంది కాబట్టి, చేతుల వేగం పెంచుకోవాలని ఆరాటపడేవారి కంటే లిస్టు మొత్తం చదువుకొని బయలుదేరేవారే సాయంత్రానికి ఎక్కువ ఆర్డర్లు పూర్తి చేస్తారు.

విజయవాడ గొల్లపూడి వైపు ఒక కిరాణా గోడౌన్‌ను ఊహించుకోండి. లిస్టులో ‘సి-07-4-2’ అని ఉంటే సి సందు, ఏడో ర్యాకు, నాలుగో అర, రెండో గడి అని అర్థం. ముందు సందుల అక్షరాలు మాత్రమే చూడండి. సరుకు సందు పొడవునా ఉంటే ఒక కొసన ప్రవేశించి రెండో కొసన బయటికి రావాలి. మొదట్లోనే ఒక్క పెట్టె ఉంటే తీసుకొని వెనక్కి రావడమే దగ్గర. వన్‌వే గుర్తులున్నచోట వాటినే పాటించాలి.

తర్వాత అరలు చూడండి. ఈ బండిలో మనిషి కూడా పైకి వెళ్తాడు కనుక ఎక్కడం, దిగడం కూడా ప్రయాణమే. ఒకే ర్యాకులో రెండో అర, నాలుగో అర సరుకులుంటే ఒక్కసారి పైకెళ్లినప్పుడే రెండూ తీసేయాలి. మీరు నిలబడే ప్లాట్‌ఫాం పైకి లేచి ఉండగా కొన్ని బండ్లు నెమ్మదిగా కదలనిచ్చినా, నేర్చుకునే దశలో పూర్తిగా దించాకే కదలండి. ఎత్తు పెరిగేకొద్దీ బండి నిలకడ తగ్గుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద పై అరల దగ్గర ఉక్క భరించలేం కాబట్టి, వీలైతే ఆ ఆర్డర్లు ఉదయమే ముగించండి.

అసలు చిక్కు ప్యాలెట్ (బండి మీద సరుకు పేర్చే పలకల చట్రం) దగ్గర వస్తుంది. దగ్గరి దారిలో అప్పడాల పెట్టెలు ముందు, 15 లీటర్ల నూనె డబ్బాలు చివర వచ్చాయనుకోండి. దారినే నమ్ముకొని పేర్చితే అప్పడాలు నలిగి పొడి అవుతాయి. బరువులే ముందు తీయాలనుకుంటే సందులన్నీ రెండుసార్లు తిరగాలి. దారి మార్చకుండా ప్యాలెట్‌నే రెండు సగాలుగా చూడండి. ప్లాట్‌ఫాం వైపు సగాన్ని నూనె డబ్బాలకు ఖాళీగా ఉంచి, అప్పడాలను కిందికి దిగాక నేల మీద నిలబడి అవతలి సగంలో సర్దండి. బరువు మీకు దగ్గరగా ఉంటే బండి నిలకడగా ఉంటుంది, నడుముకూ శ్రమ తగ్గుతుంది.

గడి ముందు ఆగాక తొందర వద్దు. అరకిలో, కిలో కందిపప్పు ప్యాకెట్ల పెట్టెలు చూడటానికి ఒకేలా ఉంటాయి. కోడ్ చదివి, స్కాన్ చేసి, గడువు ముందుగా ముగిసే పెట్టెనే తీయండి.

అభ్యాసం: పాత లిస్టు ఒకటి తీసుకొని, మీ గోడౌన్ సందులను కాగితంపై గీసి, వాటి మీద పెన్సిల్‌తో దారి గుర్తించండి. గడి ఖాళీగా కనిపించినప్పుడు ఏం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం.