క్రీడా షూటింగ్ కోసం పిస్టల్ లైసెన్సు: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి దరఖాస్తు విధానం, ఇంట్లో మార్పులు చేసుకోవడంపై పరిమితులు

కొన్ని దేశాల్లో సాధారణ పిస్టల్‌ను కొనుక్కొని, ఇంట్లో బల్ల మీద పెట్టుకొని, పట్టు మొదలు ట్రిగ్గర్ వరకు ఒక్కో భాగాన్ని మార్చుకుంటూ పోవడం సెలవురోజు వ్యాపకంగా సాగుతోంది. ఆ వీడియోలు చూసిన మన ప్రాంతపు యువకులు కొందరు, ఇక్కడ అటువంటి పనికి అనుమతి ఎక్కడ తీసుకోవాలని అడుగుతుంటారు. ఆయుధాన్ని కొని దగ్గర ఉంచుకోవడానికి కలెక్టర్ ఇచ్చే లైసెన్సులో దాన్ని మార్చే హక్కు ఉండదు. ఆయుధాల చట్టం, 1959 ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది: 3వ సెక్షన్ కింద తీసుకునే లైసెన్సు ఆయుధాన్ని పొందడానికి, ఉంచుకోవడానికి వర్తిస్తే, తయారీ, అమ్మకం, మార్పు, మరమ్మతు, పరీక్ష వంటి పనులకు 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. గొట్టాన్ని పొట్టి చేయడం, బొమ్మ తుపాకీని నిజమైన తుపాకీగా మార్చడం, ఒక వర్గానికి చెందిన ఆయుధాన్ని మరో వర్గంలోకి మార్చడం 6వ సెక్షన్ పరిధిలోకి వస్తాయి. 2019 సవరణ తరువాత ఈ రెండు సెక్షన్లను ఉల్లంఘించినవారికి కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు జైలుశిక్ష, దానితోపాటు జరిమానా ఉంటాయి. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్న సాధారణ కేసులో శిక్ష 2 నుంచి 5 ఏళ్లు కాబట్టి, కలిగి ఉండటం కంటే మార్చడాన్నే చట్టం పెద్ద నేరంగా చూస్తోందన్న సంగతిని దరఖాస్తుదారులు గ్రహించాలి.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. చట్టంలోని నిర్వచనం ప్రకారం తుపాకీ భాగాలు కూడా తుపాకీ కిందికే వస్తాయి; శబ్దాన్ని, మంటను తగ్గించే ఉపకరణాలు కూడా అంతే. అందువల్ల విదేశీ వెబ్‌సైటులో ఒక గొట్టాన్నో, పిస్టల్ పైభాగంలో ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్‌నో ఆర్డరు చేసి, అది విడిభాగమే కదా అనుకోవడం కుదరదు. దిగుమతికి 10వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి, లేకపోతే పార్శిల్ కస్టమ్స్ దగ్గరే ఆగి, విచారణ మీ ఇంటి చిరునామాకు వస్తుంది. అలాగే ఆయుధంపై చెక్కిన పేరు, నంబరు, ఇతర గుర్తింపు చిహ్నాలను చెరపడం, మార్చడం 8వ సెక్షన్ నిషేధించింది. అందం కోసం నికెల్ పూత వేయించడం, ఉపరితలాన్ని అరగదీసి మెరుగు పెట్టించడం వంటి పనుల్లో ఆ నంబరు చెరిగిపోతే, ఉద్దేశం అలంకరణేనని చెప్పి తప్పించుకోవడం కష్టం.

లైసెన్సు అవసరం లేని మార్గం

పిస్టల్‌ను తన చేతికి అనువుగా మలచుకోవాలన్న ఆసక్తి నిజంగా ఉన్నవారికి గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ పిస్టల్ సరైన ఆరంభం. ఆయుధాల నియమాలు, 2016 ప్రకారం 4.5 మిల్లీమీటర్లకు, అంటే 0.177 అంగుళాలకు మించని వ్యాసంతో, 20 జూళ్లకు మించని శక్తితో పనిచేసే ఎయిర్‌గన్‌ను కొనుక్కొని ఉంచుకోవడానికి వ్యక్తులకు లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ పిస్టళ్ల శక్తి పది జూళ్లకు లోపే ఉంటుంది కాబట్టి అవన్నీ ఈ మినహాయింపులోనే ఉంటాయి. కాని శక్తి పెంచడానికి లోపలి భాగాలు మార్చి 20 జూళ్లు దాటించిన రోజున అది లైసెన్సు కావలసిన ఆయుధమవుతుంది. అంటే పైన చెప్పిన సెక్షన్లన్నీ దానికీ వర్తిస్తాయి.

పోటీల్లో శక్తితో పనే లేదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడ గెలిపించేది చేయి, శ్వాస, ట్రిగ్గర్ మీద వేలు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పిస్టల్ బరువు 1,500 గ్రాములకు మించకూడదు, ట్రిగ్గర్ విడిపోవడానికి దానిపై పడవలసిన బరువు 500 గ్రాములకు తగ్గకూడదు, మొత్తం పిస్టల్ 420 మిల్లీమీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల ఎత్తు, 50 మిల్లీమీటర్ల వెడల్పు గల పెట్టెలో పట్టాలి. ఈ హద్దుల లోపల చేసుకునే సర్దుబాట్లకు కొదవ లేదు. పోటీకి ముందు తనిఖీలో పిస్టల్ గొట్టాన్ని నిలువుగా పైకి ఉంచి, 500 గ్రాముల తూకపురాయిని ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా పైకి లేపుతారు; ట్రిగ్గర్ ఆ బరువును మోయకుండా విడిపోతే ఆ పిస్టల్‌తో పోటీలోకి దిగనివ్వరు. తయారీదారు ఇచ్చిన స్క్రూతో బరువును సరిగ్గా 500 దగ్గర నిలిపేవారి కంటే, కాస్త ఎక్కువగా ఉంచుకునేవారు తనిఖీ బల్ల దగ్గర నిశ్చింతగా ఉంటారు.

చెక్క పట్టు విషయంలో మన ప్రాంతం వారికి ఒక సౌకర్యం ఉంది. పోటీ పిస్టళ్లకు వాల్‌నట్ చెక్కతో అరచేతి ఆకారానికి చెక్కిన పట్టు వస్తుంది గాని, బొటనవేలి మొదట్లోనో అరచేతి మడమ దగ్గరో ఏదో ఒకచోట ఒరుసుకోవడం మామూలే. పట్టును పిస్టల్ నుంచి విప్పి, ఏర్పేడు దగ్గరి మాధవమాల శిల్పులవంటి చెక్కపని తెలిసినవారికి చూపించి, ఒత్తుకుంటున్న చోటును పెన్సిలుతో గుర్తుపెట్టి, గరుకు కాగితంతో కొద్దికొద్దిగా తీయించుకోవచ్చు. తీసిన చెక్కను తిరిగి అతికించలేము కాబట్టి రుద్దిన ప్రతిసారీ చేతితో పట్టుకొని చూడాలి. కొత్త పట్టు చేయించాలనుకునేవారు ఎర్రచందనం జోలికి మాత్రం పోవద్దు. శేషాచలం దుంగ ఏ రూపంలో ఇంట్లో దొరికినా దానికి కాగితాలు చూపించవలసింది మీరే. గాలి నింపిన సిలిండరుతో నడిచే పిస్టల్ అయితే, దాని మీద ముద్రించిన తయారీ తేదీ నుంచి 10 ఏళ్లు దాటిన సిలిండరును పోటీల్లో అనుమతించరు. పాత పిస్టల్ చవకగా దొరికిందని సంబరపడే ముందు ఆ తేదీని చూడండి.

ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదంటే ఎక్కడైనా పేల్చవచ్చని అర్థం కాదు. పిట్టలను కొట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం కావచ్చు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోకి, పలమనేరు వైపున ఉన్న కౌండిన్య అభయారణ్యంలోకి ముందస్తు లిఖిత అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడాన్ని అదే చట్టం నిషేధిస్తోంది. తిరుమల కొండపైకి ఏ ఆయుధాన్నీ తీసుకుపోనివ్వరు. సంచిలో ఎయిర్ పిస్టల్ పెట్టుకొని అలిపిరి తనిఖీ కేంద్రానికి వెళ్లి, ఇది ఆటవస్తువని భద్రతా సిబ్బందికి వివరించే పరిస్థితి తెచ్చుకోవద్దు.

తూటాల పిస్టల్‌కు దరఖాస్తు

25 మీటర్ల పిస్టల్ పోటీలకు 5.6 మిల్లీమీటర్ల, అంటే .22 పిస్టల్ కావాలి. దానికి లైసెన్సు తప్పనిసరి. ఇక్కడే చాలా దరఖాస్తులు వీగిపోతాయి. కారణం రాయవలసిన చోట ‘హాబీ’ అని రాస్తే ఆ మాటకు నియమాల్లో చోటు లేదు. 2016 నియమాలు క్రీడాకారులను గుర్తించిన తీరు వేరు: నియమాల కింద లైసెన్సు పొందిన షూటింగ్ క్లబ్బులో గాని రైఫిల్ సంఘంలో గాని గత 2 సంవత్సరాలుగా చురుకైన సభ్యుడై ఉండి, పద్ధతి ప్రకారం లక్ష్య సాధన కొనసాగించాలనుకునే వ్యక్తి అయి ఉండాలి. కాబట్టి దరఖాస్తు ప్రయత్నం నిజానికి కలెక్టరేట్ మెట్లు ఎక్కడానికి రెండేళ్ల ముందు, క్లబ్బు సభ్యత్వ రసీదుతో మొదలవుతుంది. డబ్బు కట్టే ముందు ఆ క్లబ్బుకు స్వయంగా లైసెన్సు ఉందో లేదో, రాష్ట్ర రైఫిల్ సంఘంతో అనుబంధం ఉందో లేదో అడిగి చూడాలి. జాతరలో బెలూన్లు పేల్చే దుకాణానికి నాలుగు గోడలు కట్టి అకాడమీ అని బోర్డు పెట్టినవారి సర్టిఫికెట్ ఈ రెండేళ్ల లెక్కలోకి రాదు. సభ్యత్వంతోపాటు హాజరు పుస్తకం నకలు, పాల్గొన్న పోటీల స్కోరు పత్రాలు దాచుకుంటే, చురుకైన సభ్యుడన్న మాటకు ఆధారం ఉంటుంది.

దరఖాస్తుదారుకు 21 సంవత్సరాలు నిండి ఉండాలి. 12 ఏళ్లు దాటిన పిల్లలు శిక్షణలో భాగంగా ఆయుధం వాడటానికి చట్టం వీలు కల్పించింది గాని, అది వారి పేరున లైసెన్సు కాదు. హింసతో గాని నైతిక పతనంతో గాని కూడిన నేరానికి శిక్షపడినవారు ఆ శిక్ష ముగిసిన తరువాత 5 ఏళ్లు అనర్హులు. శాంతిభద్రతల కోసం బైండోవర్ అయినవారు ఆ బాండు అమలులో ఉన్నంతకాలం అనర్హులే. ఎన్నికల ముందు ఊరిలో జరిగిన గొడవలో తన పేరునూ చేర్చి బైండోవర్ చేశారన్న సంగతిని మరచిపోయి దరఖాస్తు చేసేవారు ఉంటారు. అది పోలీసు నివేదికలో తప్పక బయటపడుతుంది కనుక ముందే స్టేషన్‌లో కనుక్కోవడం మేలు.

లైసెన్సు ఇచ్చే అధికారి జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టరే. మామూలుగా నివసించే చిరునామా ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లాలోనే దరఖాస్తు చేయాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది గనుక, పాత చిరునామాతో చిత్తూరులో ఇచ్చిన కాగితాలు, కొత్త చిరునామాతో ఉన్న ఆధార్ ఒకదానితో ఒకటి పొసగక దరఖాస్తు వెనక్కి రావడానికి ఆస్కారం ఉంది. ముందుగా ఆధార్‌లో చిరునామాను సరిచేసుకోండి.

వ్యక్తులు నింపవలసినది ఫారం ఎ-1. కేంద్ర హోం శాఖ నిర్వహించే ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో వివరాలు నమోదు చేసి, దాని ముద్రిత ప్రతిని జతపత్రాలతో కలెక్టరేట్‌లో ఇవ్వాలి. తెల్లటి నేపథ్యంతో తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పుట్టిన తేదీ ఆధారం, ఆధార్, అందులోని చిరునామా వేరైతే ప్రస్తుత నివాస ఆధారం జతచేయాలి. వీటికి తోడు మూడు ఫారాలు ఉన్నాయి: ఆయుధ భద్రతా శిక్షణ పొందినట్టు ఎస్-1, ఆయుధాన్ని సురక్షితంగా వాడి, భద్రపరుస్తానన్న హామీ ఎస్-2, మానసిక, శారీరక ఆరోగ్యంపైన, మత్తుపదార్థాలకు లోబడలేదనడంపైన వైద్యుడు ఇచ్చే ఎస్-3. వీటిలో ఎస్-2ను తేలికగా తీసుకొని సంతకం చేసేవారే ఎక్కువ. ఆయుధాన్ని ఎక్కడ, ఏ తాళం కింద పెడతారు, తూటాలను ఎక్కడ వేరుగా ఉంచుతారు అన్నవి ఇంటికి వచ్చిన ఎస్సై అడిగే ప్రశ్నలు. గోడకో నేలకో బిగించిన ఇనుప పెట్టెను అప్పటికే చూపించగలిగిన దరఖాస్తుదారు మాటకు బలం ఉంటుంది.

పోలీసు విచారణ నివేదిక 30 రోజుల్లో రావాలి. అది అందిన తరువాత 60 రోజుల్లో అధికారి నిర్ణయం తీసుకోవాలి. విచారణలో ఇరుగుపొరుగును అడుగుతారు, పాత కేసులు చూస్తారు. ఆస్తి ఎంత ఉందన్నది అర్హత కాదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పొలం పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు జతచేస్తేనే పని జరుగుతుందని మధ్యవర్తులు చెప్పే మాటను నమ్మనక్కర్లేదు. అసలు మధ్యవర్తితోనే పని లేదు.

లైసెన్సు వచ్చాక

లైసెన్సు చెల్లుబాటు 5 ఏళ్లు. ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేసులో కేటాయించిన విశిష్ట గుర్తింపు సంఖ్య దాని మీద ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఆ సంఖ్య లేని లైసెన్సు చెల్లదు. సాధారణ వ్యక్తి గరిష్ఠంగా 2 ఆయుధాలు మాత్రమే ఉంచుకోవచ్చు. గుర్తింపు పొందిన క్రీడాకారులకు ప్రత్యేక మినహాయింపులు ఉన్నాయి. డీలరు దగ్గర కొంటే ఆ డీలరుకు లైసెన్సు ఉండాలి, కొన్న ఆయుధం నంబరు లైసెన్సులో నమోదు కావాలి.

రోజువారీ శుభ్రత యజమాని బాధ్యత. గొట్టం తుడవడం, నూనె పెట్టడం, తయారీదారు పుస్తకంలో యజమానికి వదిలిన సర్దుబాట్లు చేసుకోవడం వరకు ఇంట్లో జరగవలసినవే. ట్రిగ్గర్ లోపలి భాగాలు, గొట్టం, స్లైడ్ జోలికి వెళ్లవలసి వస్తే, లైసెన్సు కాగితంతో సహా ఆయుధాన్ని మరమ్మతు లైసెన్సు ఉన్న డీలరుకు అప్పగించి, రసీదు తీసుకోవాలి. లేతు మిషను ఉన్న తెలిసిన వర్క్‌షాపులో చేయించుకుంటే ఆ వర్క్‌షాపు యజమానిని కూడా కేసులోకి లాగినట్టే. అడవి అంచు పల్లెల్లో నాటు తుపాకులపై పోలీసులు కేసులు పెట్టే ఈ ప్రాంతంలో, లేతు మీద తిరిగిన తుపాకీ గొట్టాన్ని ఎవరూ వ్యాపకంగా చూడరు.

ఎన్నికల కోడ్ అమలులో ఉన్నప్పుడు ఆయుధం జమ చేయమని నోటీసు వస్తే స్టేషన్‌లోనో డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. పోటీల తేదీలు అదే సమయంలో పడితే, జమ నుంచి మినహాయింపు కోరుతూ ప్రవేశపత్రం, సంఘం లేఖ జతచేసి ముందుగానే అర్జీ పెట్టుకోవాలి.

దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలను అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి, ప్రజాహితానికి భంగం కలిగించే సందర్భాల్లో తప్ప, అడిగినప్పుడు వాటిని క్లుప్తంగా తెలియజేయాలి. తిరస్కరణ ఉత్తర్వుపై 18వ సెక్షన్ కింద 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. క్లబ్బు సభ్యత్వానికి రెండేళ్లు నిండలేదన్నదే కారణమైతే అప్పీలుకు ఖర్చు పెట్టడం కంటే, ఆ గడువు పూర్తయ్యేదాకా ఎయిర్ పిస్టల్‌తో సాధన చేసి, కొత్త స్కోరు పత్రాలతో తాజాగా దరఖాస్తు చేసుకోవడమే తక్కువ శ్రమతో అయ్యే పని.