ఓసీడీ చికిత్సకు వెళ్లే ముందు జాగ్రత్తలు

(ఓసీడీ అంటే వద్దన్నా అవే ఆలోచనలు రావడం, ఆ ఆందోళన తగ్గడానికి కడగడం, సరిచూసుకోవడం లాంటివి మళ్లీ మళ్లీ చేయడం అనే మానసిక సమస్య.)

• ఏ ఆలోచన పదేపదే వస్తోంది, అప్పుడేం చేస్తున్నారు, రోజుకు ఎంత సమయం పోతోంది: ఒక వారం రాసిపెట్టుకోండి. గ్యాస్ కట్టేశానా అని ఎన్నిసార్లు లేస్తున్నారో కూడా. ఉజ్జాయింపు చాలు. తప్పుల్లేకుండా రాయాలని కూర్చుంటే అదే ఇంకో టెన్షన్ అవుతుంది.

• అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా?" అని అడగండి. భయపెట్టే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, కడగడం, సరిచూసుకోవడం లాంటివి చేయకుండా ఉండే సాధన అది. "ఆలోచించకు, ధైర్యంగా ఉండు" అని చెప్పి పంపేసే కౌన్సెలింగ్ దీనికి సరిపోదు. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటం వద్దు.

• అన్నిటికంటే ముఖ్యం, దాచకండి. పూజలో కూర్చుంటే బూతు ఆలోచన రావడం, పసిబిడ్డకు నా చేతులతోనే ఏమైనా చేస్తానేమోనన్న భయం... ఇవి జబ్బు లక్షణాలు, మీ కోరికలు కావు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసివ్వండి. అమ్మానాన్నలు వెంట వస్తే, డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడతానని అడగండి.

• ఫ్లూక్సెటిన్ లాంటి మందులు పూర్తిగా పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. సొంతంగా ఆపకండి. గర్భం, వాడుతున్న ఇతర మందుల సంగతి ముందే చెప్పండి.

• ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనిపిస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.