స్నో లేక్‌కి స్నోషూలతో వెళ్లేవాళ్లకు

చలికాలం వస్తే చాలు, సియాటిల్‌లో మన వాట్సాప్ గ్రూపుల్లో "స్నో లేక్ పోదామా?" మొదలవుతుంది. వేసవిలో పిల్లలతో నడిచిన దారే కదా అని స్నోషూలు (మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) అద్దెకు తెచ్చుకుంటారు. ఆల్పెంటల్ స్కీ ప్రాంతం దగ్గర మొదలయ్యే ఆ దారి మంచుచరియలు జారిపడే చోట్లకు అడ్డంగా వెళ్తుంది. మీరు నడిచే చోటు చదునుగానే ఉన్నా పైన ఉన్న వాలు మీ మీదికి రావచ్చు.

ముందురోజే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఇచ్చే మంచుచరియల ప్రమాద సూచన చదవండి. ప్రమాదానికి ఐదు స్థాయిలు ఉంటాయి. మూడోది కన్సిడరబుల్. ఐదులో మూడే కదా అంటారు మనవాళ్లు. ఆ రోజు మనిషి బరువుకే మంచు తెగిపడే అవకాశం గట్టిగా ఉన్నట్టు లెక్క. మూడు అని కనిపిస్తే నేనైతే గోల్డ్ క్రీక్ చెరువు వైపు పోతాను, అదీ చెరువు దాటి లోయ లోపలికి పోకుండా. అంకె ఒక్కటే చూసి వదిలేయకండి. ఏ దిక్కు వాలు, ఎంత ఎత్తులో ప్రమాదమో కిందే రాసి ఉంటుంది. కొత్త మంచు మీద వాన పడటం ఈ కాస్కేడ్ కొండల్లో మామూలే. అలాంటి రోజు ప్లాన్ మానేయండి.

చరియలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. ట్రెకింగ్ కర్రను మంచు మీద వాలు వెంబడి పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి యాప్‌లో కొలవండి. దారి పక్క చెట్లనూ చూడండి. కొండవైపు కొమ్మలన్నీ విరిగిపోయి, దిగువ వైపువి మాత్రమే మిగిలి ఉంటే, అక్కడ ఇదివరకే చరియ పడిందని అర్థం. అలాంటి చోటు దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్లు పక్కన నిలబడి కళ్లు తిప్పకుండా చూడాలి. పులిహోర డబ్బా తీసేది అక్కడ కాదు. అడుగు వేయగానే 'వుంఫ్' మని మంచు కుంగినా, స్నోషూ ముందు నుంచి పగులు పాకినా వెంటనే వచ్చిన దారినే వెనక్కి.

బీకన్ (మంచు కింద పడ్డవాళ్లను వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఫోన్ బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. బయల్దేరే ముందు పార్కింగ్‌లోనే అందరి బీకన్లూ సిగ్నల్ ఇస్తున్నాయో లేదో ఒకరు చెక్ చేయాలి. మంచు కింద ఊపిరాడకుండా పోవడానికి పది పదిహేను నిమిషాలు చాలు, రెస్క్యూ టీమ్ అంతలో రాలేదు. అందుకే మనిషి చివరిగా కనిపించిన చోటు గుర్తు పెట్టుకుని, మిగతావాళ్లంతా బీకన్‌ను సెర్చ్‌కి మార్చాలి. ప్రోబ్ తగిలాక దాన్ని అలాగే వదిలేయండి. నెత్తిమీద నుంచి నిలువుగా గుంత తీయకుండా, కాస్త దిగువ నుంచి మంచును వెనక్కి తోసుకుంటూ లోపలికి తవ్వండి.