డామ్సెల్ చేపని ట్యాంకులో చివరికి వేయండి, ముందు కాదు

ఉప్పునీటి ట్యాంకు కొత్తగా పెట్టేవాళ్లకి షాపులో ముందు చూపించేది డామ్సెల్ అనే చిన్న సముద్రపు చేపనే. చవక, పైగా గట్టి చేప. "ముందు దీన్ని వేసేయండి, నీళ్లు అవే సెట్ అవుతాయి" అంటారు. దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. కొత్త నీళ్లలో పేరుకునే అమ్మోనియా దాని మొప్పల్ని దెబ్బతీస్తుంది, బతికి బయటపడినా పడిన నరకం నరకమే. లైవ్ రాక్ (నీళ్లని శుభ్రపరిచే బ్యాక్టీరియా ఉండే సముద్రపు రాయి) పెట్టి, చేప లేకుండానే చిటికెడు మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే షాపుకి వెళ్లండి.

గుంటూరు వాళ్లకి సూర్యలంక దగ్గరే కాబట్టి డబ్బాల్లో సముద్రం నీళ్లు తెచ్చుకుందామనిపిస్తుంది, కానీ ఒడ్డు నీళ్లలో బురద, మురికి ఉంటాయి, వానలప్పుడు ఉప్పు కూడా పలచబడుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ కలిపి, ఒక రోజంతా పంపు తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పదనం కొలిచే పరికరం) నీటి సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉందో లేదో చూసుకోండి. వంట ఉప్పు పనికిరాదు.

అసలు పరీక్ష మన బెజవాడ ఎండలే. ఈ చేపకి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి మా ట్యాంకు 32 దాటింది, మా నీలం డామ్సెల్ నీటి అంచుకి వచ్చి మొప్పలు గబగబా ఆడిస్తుంటే నా చేతులు వణికాయి. అప్పటి నుంచి బ్యాటరీ ఎయిర్ పంపు ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచుతాను. నీళ్ల మీదుగా ఫ్యాన్ గాలి తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అంతకు మించి కావాలంటే నీళ్లు చల్లబరిచే చిల్లర్ మెషీన్ కొనాల్సిందే. ఆవిరైన నీళ్ల బదులు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరైపోదు, ట్యాంకులోనే ఉండిపోతుంది.

ఇక దీని పౌరుషం. రాయిలో ఒక కన్నం చూసుకుందంటే అది దాని ఇల్లే. అద్దం తుడవడానికి చెయ్యి పెడితే నా వేలినే పొడిచింది, అలాంటిది తర్వాత వచ్చిన చేపని బతకనిస్తుందా? అందుకే మెతక చేపలన్నీ ముందు వేసి, రాళ్లు కాస్త అటూ ఇటూ మార్చి, దీన్ని ఆఖరున వదలండి. వంద లీటర్ల పైన ట్యాంకయితే పసుపు తోక డామ్సెల్ ఒకటి చాలు. డొమినో అనే రకం డామ్సెల్ పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది, పెద్దదయ్యాక ట్యాంకంతా తనదే అంటుంది, వద్దు.

తెచ్చిన కవర్‌ని పావుగంట నీళ్లపై తేలనిచ్చి, సన్నని ట్యూబ్‌తో ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా దాంట్లో కలిపి, చేపని మాత్రమే వలతో వదలండి, షాపు నీళ్లు పారబోయండి. ఆ రాత్రి లైటు వేయొద్దు. మొదటి రోజు తినకపోతే టెన్షన్ పడకండి, మర్నాడు కాస్త మైసిస్ (మేతగా వేసే చిన్న రొయ్యల్లాంటి జీవులు) వేసి చూడండి.