సాంకేతిక పత్రాలకు చదవదగిన తెలుగు ఫాంట్‌ను ఎలా ఎంచుకోవాలి?

వ్యవసాయ మోటారుకు స్టార్టర్ బిగించే పద్ధతి, మిర్చి తోటకు మందు కలిపే కొలతలు, దుకాణంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే విధానం వంటి పత్రాలను తెలుగులో తయారుచేసేవారు భాష సరళంగా ఉండాలని ఎంతో శ్రమిస్తారు. అక్షరాల రూపాన్ని మాత్రం చివరి నిమిషంలో, మెనూలో కనిపించిన మొదటి పేరుకు వదిలేస్తారు. కథ చదివేవారు ఒక అక్షరం మసకగా ఉన్నా సందర్భాన్ని బట్టి మాటను పట్టుకోగలరు కానీ, లీటరు నీటికి 0.5 మిల్లీలీటర్ల మందు అని ఉన్నచోట చుక్క కనిపించకపోతే సందర్భం ఆదుకోదు. మోతాదు పది రెట్లవుతుంది. అందువల్ల ఫాంట్‌ను అందం చూసి కాకుండా, మీ పత్రంలోని కష్టమైన మాటలతో, మీ పాఠకులు చదివే పరికరం మీదనే పరీక్షించి ఎంచుకోవాలి. ఆ పని వరుసగా ఎలా చేయాలో కింద వివరిస్తున్నాను.

మొదట, చదివేది ఎవరో, దేని మీదనో రాసుకోండి

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే రైతు మీ పత్రాన్ని ఎండలో ఫోన్ మీద చదవవచ్చు. కాజీపేటలో పనిచేసే ఎలక్ట్రీషియన్ జిరాక్స్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోవచ్చు. మడికొండ ఐటీ పార్కులో కూర్చున్న ఉద్యోగి పెద్ద తెర మీద చూడవచ్చు. ఈ ముగ్గురికీ ఒకే అమరిక సరిపోదు కనుక, ఎక్కువమంది ఎక్కడ చదువుతారో ముందుగా తేల్చుకోవడం అవసరం.

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా విషయాన్ని బయటపెడుతుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, నిలువుగా పట్టుకున్న ఫోన్ తెర వెడల్పు దాదాపు 7 సెంటీమీటర్లు. ఏ4 పరిమాణంలో 12 పాయింట్లతో తయారుచేసిన పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపితే, తెరిచిన వెంటనే అందులోని అక్షరాలు మూడోవంతుకు కుదించుకుపోయి 4 పాయింట్లుగా కనిపిస్తాయి. ఆ పరిమాణంలో ఏ ఫాంట్ అయినా చదవడం కష్టమే. అదే పత్రాన్ని 10.5 సెంటీమీటర్ల వెడల్పు గల ఏ6 పుటల మీద అమర్చితే అక్షరం 8 పాయింట్లుగా నిలుస్తుంది. పాఠకులు ఎక్కువగా ఫోన్‌లోనే చదువుతారని తెలిసినప్పుడు, ఫాంట్‌ను మార్చి చూసే ముందు పుట పరిమాణాన్ని మార్చడం మంచిది.

యూనికోడ్ ఫాంట్‌లనే పరిశీలనకు తీసుకోండి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ డీటీపీ సెంటర్లలో కరపత్రాలు, శుభలేఖలు ఏళ్లుగా అను ఫాంట్‌లతోనూ పేజ్‌మేకర్‌తోనూ తయారవుతూ వచ్చాయి. ఆ అక్షరాలలో ఎన్నో అందమైనవి ఉన్నాయి, గోడపత్రికకు అవి చక్కగా నప్పుతాయి. అయితే వాటిలో తెలుగు అక్షరాల వెనుక కంప్యూటర్ దాచుకునేది నిజానికి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల సంకేతాలే. ఆ ఫాంట్ లేని చోట అదే పాఠాన్ని తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి, వెతికితే మాట దొరకదు, చూపులేనివారికి పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో తెలుగు అన్నదే కనిపించదు. సాంకేతిక పత్రంలో పాఠకుడు చేసే మొదటి పని తనకు కావలసిన మాటను వెతకడం. అది సాధ్యం కాకపోతే పత్రం సగం పనికే వస్తుంది.

యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలకు వేటికవే విడి సంకేతాలిచ్చే ప్రమాణం. 1991లో వెలువడిన దాని తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. ముద్రణ కోసం డీటీపీ సెంటర్‌కు వెళ్లక తప్పకపోతే, పాఠాన్ని మీరే యూనికోడ్‌లో టైప్ చేసి ఇచ్చి, పుటలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుని అమర్చమని అడగండి. ఆ ఎంపిక చేయకపోతే వత్తులు విడిపోయి పడవచ్చు.

నాలుగైదు ఫాంట్‌లకు మించకుండా ఎంపిక చేసుకోండి

వందల ఫాంట్‌లు దించుకుని చూస్తే కన్ను అలసిపోయి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తెర మీద చదివే పత్రాలకు నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు, మండలి అనే నాలుగింటితో మొదలుపెట్టమని నా సలహా. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మల యూఐ కూడా నమ్మదగినదే కానీ, అది విండోస్‌తో వచ్చేది కనుక పాఠకుడి ఫోన్‌లో ఉంటుందని అనుకోకూడదు. అంతకు ముందు విండోస్ ఎక్స్‌పీ కాలంలో వచ్చిన గౌతమి ఇప్పటికీ చాలా పాత ఫైళ్లలో కనిపిస్తుంది. పాత పత్రాన్ని సవరిస్తున్నప్పుడు ఆ ఫాంట్‌ను అలాగే కొనసాగించవలసిన అవసరం లేదు.

కాగితం మీద పొడవైన వివరణలకు నోటో సెరిఫ్ తెలుగు, తిరో తెలుగు వంటి గీత మందంలో హెచ్చుతగ్గులున్న ఫాంట్‌లు హాయిగా ఉంటాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి అందరికీ ఉచితంగా అందించిన పోతన, వేమన ఫాంట్‌ల ప్రస్తావన లేకుండా తెలుగు యూనికోడ్ ముద్రణ గురించి మాట్లాడలేం. పాలకుర్తి మండలం బమ్మెరకు చెందిన మహాకవి పోతన పేరున్న ఫాంట్ మన ప్రాంతంవారికి సహజంగానే ఇష్టమైనది. ఆ రెండింటిలో గీత దాదాపు సమాన మందంతో ఉండే వేమన, సాంకేతిక సూచనలకు ఎక్కువగా నప్పుతుంది.

శీర్షికల కోసం తయారైన లావుపాటి ఫాంట్‌లను, చేతిరాతను పోలినవాటిని ఈ దశలోనే పక్కన పెట్టేయండి. అలాగే ప్రతి ఫాంట్‌కు ఎన్ని మందాలు ఉన్నాయో చూడండి. ఉదాహరణకు మండలికి ఒకే మందం ఉంది. దానికి బోల్డ్ పెడితే సాఫ్ట్‌వేర్ తనకు తానే గీతను ఉబ్బించి చూపిస్తుంది, అప్పుడు అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. హెచ్చరికలు, బటన్ల పేర్లు తరచుగా బోల్డ్‌లో రాయవలసిన పత్రానికి నోటో సాన్స్ తెలుగు లేదా హింద్ గుంటూరు వంటి పలు మందాల కుటుంబమే మేలు.

పరీక్ష పుటను తయారుచేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ పనికే ఇవ్వాలి. మీ పత్రం నుంచే మాటలు తీసుకుని ఒక పుట నింపి, దాన్నే ప్రతి ఫాంట్‌లోనూ చూడండి. ఆ పుటలో నాలుగు రకాల చిక్కులు ఉండేలా చూసుకోవాలి.

మొదటిది, కిందికి దిగే వత్తులు. రాష్ట్రం, స్వాతంత్ర్యం, ఊర్ధ్వ, సూక్ష్మం, ట్రాన్స్‌ఫార్మర్, ఎలక్ట్రీషియన్ వంటి మాటలను పైవరుసలో రాసి, కిందివరుసలో గుడి, ఏత్వం, ఓత్వం ఎక్కువగా ఉన్న మాటలు రాయండి. పైవరుస వత్తు కిందివరుస గుణింతాన్ని తాకుతుందేమో, మూడో అంతస్తుకు దిగిన వత్తు మరీ చిన్నదై గీతలా మిగిలిపోతుందేమో గమనించండి.

రెండోది, పోలికలున్న అక్షరాలు. ద, ధ, థ, బ, భ, చ, ఛ, డ, ఢ, ప, ఫ, ష అనే గుంపుల్లో తేడా అంతా ఒక చిన్న అడుగుగీతలోనో, లోపలి చుక్కలోనో, ఒక మెలికలోనో ఉంటుంది. మ, య అక్షరాలు కొమ్ములు, ఒత్వాలు చేరినప్పుడు మరింత దగ్గరవుతాయి. కి, కీ, కె, కే, కొ, కో మధ్య తేడా తెలిపే చిన్న మెలిక 8 పాయింట్లలో కూడా విడిగా కనిపించాలి. థర్మల్ రిలే, ఫేజ్, ఫ్యూజ్, పీడనం, ఘర్షణ వంటి మాటలను చిన్న పరిమాణంలో ముద్రించి, ఆ కాగితాన్ని ఒకసారి జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీయండి. రెండో నకలులో కూడా థ లోపలి చుక్క బతికి ఉన్న ఫాంట్‌ను నిశ్చింతగా ముందుకు తీసుకెళ్లవచ్చు. మన ఊళ్లలో కాగితాలు చేతులు మారే తీరును బట్టి చూస్తే ఈ పరీక్షకు మించినది లేదు.

మూడోది, అంకెలు. 0.5, 5.0, 415, 1.8, 3.6, 8.3 వంటి సంఖ్యలను మందుల మోతాదులు, వోల్టేజీలు, తేదీల రూపంలో రాసి చూడండి. 3, 6, 8 అంకెల నోళ్లు తెరుచుకుని ఉండాలి, దశాంశ బిందువు అంకెకు అంటుకోకూడదు. సున్న అంకె, తెలుగు పూర్ణానుస్వారం పక్కపక్కన వచ్చినప్పుడు పరిమాణంలో తేడా తెలియాలి. పట్టికలు ఎక్కువగా ఉంటే అన్ని అంకెలకూ ఒకే వెడల్పు ఉందో లేదో కూడా చూడాలి. లేకపోతే నిలువు వరుసలో ఒకట్లు, పదులు కలిసిపోతాయి.

నాలుగోది, అరువు మాటలు. సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్ వంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరాలు వత్తుగా కలవకుండా, కనిపించని ఒక గుర్తును టైప్ చేస్తాం. దాన్ని సరిగా అర్థం చేసుకోని పాత సాఫ్ట్‌వేర్ అక్కడ ఖాళీ డబ్బా చూపవచ్చు లేదా మాటను విరగ్గొట్టవచ్చు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో జ్ఞ అక్షరానికి సంబంధించిన ఒక తెలుగు కూర్పు కనిపించగానే యాప్‌లు మూతపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో ఈ కనిపించని గుర్తు కూడా భాగమే. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది. తెలుగు అక్షరం తెర మీద నిలవడానికి ఫాంట్‌తోపాటు దాన్ని అమర్చే సాఫ్ట్‌వేర్ కూడా సరిగా ఉండాలి కనుక, పరీక్ష పుటను కనీసం ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఒక విండోస్ కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

తెలుగు, ఇంగ్లీషు, కోడ్ పక్కపక్కన ఉన్నప్పుడు

ఒకే పాయింట్ పరిమాణంలో కూడా తెలుగు ఫాంట్, ఇంగ్లీషు ఫాంట్ కంటికి ఒకే ఎత్తులో కనిపించవు. వాక్యం మధ్యలో వచ్చే మోడల్ నంబరు అరిచినట్టు పెద్దగానో, నలిగినట్టు చిన్నగానో కనిపిస్తే రెండింటిలో ఒకదాని పరిమాణాన్ని ఒకటి రెండు పాయింట్లు సవరించండి. వర్డ్‌లో తెలుగుకు వర్తించే ఫాంట్, పరిమాణం కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే విడి విభాగంలో ఉంటాయి. లిబ్రేఆఫీస్‌లో దాన్ని సీటీఎల్ అంటారు. ఈ సంగతి తెలియక, పైన పరిమాణం మార్చినా తెలుగు మారడం లేదని అవస్థపడేవారు ఎందరో.

కోడ్‌కు, కమాండ్‌లకు సమాన వెడల్పు గల ఇంగ్లీషు ఫాంట్ అవసరం. సోర్స్ కోడ్ ప్రో, జెట్‌బ్రెయిన్స్ మోనో, డెజావు సాన్స్ మోనో మూడింటిలోనూ సున్నకు, ఇంగ్లీషు ఓ అక్షరానికి, అలాగే ఒకటి అంకెకు, ఎల్, ఐ అక్షరాలకు తేడా స్పష్టంగా ఉంటుంది. తెలుగు అక్షరాలు సహజంగానే వేర్వేరు వెడల్పులు గలవి కనుక, కోడ్ మధ్యలో తెలుగు వ్యాఖ్యలు రాస్తే నిలువు అమరిక చెదురుతుంది. వివరణను కోడ్ కింద విడి పేరాగా రాయడం మేలు.

పరిమాణం, వరుసల ఎడం, మందం నిర్ణయించండి

కాగితం మీద అసలు పాఠానికి 11 లేదా 12 పాయింట్లు, వయసు పైబడినవారు చదివే పత్రానికి 14, తెర మీద 17 లేదా 18 పిక్సెళ్లు సరిపోతాయి. వరుసల ఎడం అక్షర పరిమాణానికి 1.6 రెట్లతో మొదలుపెట్టి, పరీక్ష పుటలో వత్తులు కిందివరుసను తాకడం ఆగేవరకు పెంచుకుంటూ పోండి. ఇంగ్లీషు పత్రాల కోసం చేసిన టెంప్లేట్‌లో 1.2 రెట్లు ఉండవచ్చు, అది తెలుగుకు ఇరుకు. వర్డ్‌లో వరుసల ఎడానికి ఎగ్జాక్ట్‌లీ అనే ఎంపికను వాడకండి. ఎడం తక్కువైతే వత్తుల అడుగుభాగం కత్తిరించినట్టు మాయమవుతుంది. మల్టిపుల్ అనే ఎంపికే క్షేమం.

ఇటాలిక్, అక్షరాల మధ్య ఎడం పెంచడం, అండర్‌లైన్ అనే మూడూ ఇంగ్లీషు పత్రాల నుంచి వచ్చిన అలవాట్లు. తెలుగులో అండర్‌లైన్ వత్తుల మీదుగా గీసి వాటిని కొట్టేస్తుంది. నొక్కి చెప్పవలసిన మాటకు బోల్డ్ చాలు, అది కూడా పేరా అంతటికీ కాకుండా ఒకటి రెండు మాటలకే. రంగు విషయంలో, వెబ్ పుటలకు పాటించే అందుబాటు ప్రమాణాలు మామూలు పాఠానికీ నేపథ్యానికీ మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా (కాంట్రాస్ట్) ఉండాలంటాయి. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో ఫోన్ మీద అసలే కనిపించవు.

పాఠకుడి చేత పైకి చదివించండి

ఈ పరీక్షలన్నిటిలో మెరుగ్గా నిలిచిన రెండు ఫాంట్‌లతో ఒక పుట ముద్రించి, ఆ పని చేసే మనిషికే ఇవ్వండి. మోటారు మాన్యువల్ అయితే మెకానిక్‌కు, మందుల పత్రమైతే రైతుకు. ఏది బాగుందని అడిగితే మర్యాదకు రెండూ బాగున్నాయంటారు. అందుకు బదులు, పైకి చదవమని కోరి, ఎక్కడ ఆగారో, ఏ మాటను రెండోసారి చదివారో, ఏ సంఖ్యను తప్పుగా పలికారో గుర్తు పెట్టుకోండి. ఒకే చోట ఇద్దరు ముగ్గురు ఆగితే అక్కడ అక్షరం తప్పో, మీ వాక్యం తప్పో తేల్చుకోవాలి; అదే వాక్యాన్ని రెండో ఫాంట్‌లో ఇచ్చినప్పుడు ఆగకుండా చదివితే లోపం అక్షరానిదే.

అనుమతులు చూసి, ఫాంట్‌ను పత్రంలో పొదగండి

ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్న ఫాంట్‌లను ముద్రణలోనూ, వెబ్‌లోనూ, పీడీఎఫ్‌లోనూ రుసుము లేకుండా వాడుకోవచ్చు. ఇతర ఫాంట్‌ల విషయంలో లైసెన్స్ చదివాకే వాడండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్ అందులో పొదిగి (ఎంబెడ్ చేసి) ఉండాలి. తర్వాత ఆ పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, రాష్ట్రం, స్టార్టర్ వంటి రెండు మాటలను వెతికి చూడండి. కంటికి సరిగా కనిపించే తెలుగు పీడీఎఫ్‌లలో కూడా కాపీ చేసినప్పుడు వత్తులు తారుమారు కావడం సాధారణం. అలా అయితే మరో ప్రోగ్రాం నుంచి పీడీఎఫ్‌ను మళ్లీ తయారుచేయాలి.

వెబ్ పుటలో అయితే ఎంచుకున్న ఫాంట్ పేరు తర్వాత నోటో సాన్స్ తెలుగు, నిర్మల యూఐ, కోహినూర్ తెలుగు పేర్లను వరుసగా ఇవ్వండి. మీ ఫాంట్ దిగకపోయినా ఆండ్రాయిడ్, విండోస్, ఐఫోన్ మూడింటిలోనూ పాఠం నిలబడుతుంది. ఆఖరున ఫాంట్ పేరు, వెర్షన్, పరిమాణం, వరుసల ఎడం, బోల్డ్ వాడే సందర్భాలను ఒక కాగితం మీద రాసి, ఫాంట్ ఫైలుతోపాటు పరీక్ష పుటను కూడా పత్రం ఉన్న ఫోల్డర్‌లోనే భద్రపరచండి. తర్వాతి సంవత్సరం మాన్యువల్‌ను సవరించేవారు వేరొకరైనా, ఫాంట్ కొత్త వెర్షన్ వచ్చినా, ఆ పుటను మళ్లీ ముద్రించి పాతదానితో పోల్చి చూడవచ్చు.