కెన్యా ఫ్లైట్ ఎక్కే ముందు: హెల్త్ డేటా పని మీద వెళ్లేవాళ్లకి జాగ్రత్తలు

మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలిద్దరు వచ్చే నెల కెన్యా వెళ్తున్నారు. ఆరోగ్య శాఖ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ డీహెచ్‌ఐఎస్2 మీద ఆరు నెలల కన్సల్టెన్సీ. వైజాగ్ సీతమ్మధారలో ఒకరింట్లో ఇప్పటికే సూట్‌కేసు తూకం గురించీ, ఆవకాయ సీసా గురించీ పెద్ద చర్చ. ఆవకాయదేముంది, ఎలాగోలా సర్దేస్తారు. అక్కడికి వెళ్లాక సర్దుకోలేనివి వేరే ఉన్నాయి.

ముందు ఎల్లో ఫీవర్ టీకా. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లని నైరోబీలో ఆ టీకా వేసినట్టు ఇచ్చే కార్డు అడగకపోవచ్చు. అందుకే చాలామంది వదిలేస్తారు. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వైజాగ్‌లో ఈ టీకా పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. గుర్తింపు లేని క్లినిక్‌లో వేయించుకుంటే చెల్లదు. వేసిన 10 రోజులకి గానీ కార్డు పనికిరాదు కాబట్టి టికెట్ కొన్న రోజే స్లాట్ సంగతి చూడండి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. గుడ్డు పడనివాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి.

కాంట్రాక్టులో రోజుకి ఎంత ఇస్తారో చూసి సంబరపడి సంతకం పెట్టేస్తాం. నేనూ అంతే. నా కాంట్రాక్టులో ‘రిపోర్టు ఆమోదించాక చెల్లింపు’ అని రాశారు. ఎవరు ఆమోదించాలో, ఎన్ని రోజుల్లోనో రాయలేదు. ఐదు నెలలు మెయిళ్లు పెడుతూ కూర్చున్నాను. ఆ గడువు, అక్కడ కోసే పన్నుకి సర్టిఫికెట్, వర్క్ పర్మిట్ ఎవరు తీస్తారన్నది, జబ్బు చేస్తే విమానంలో తరలించే ఖర్చు కూడా ఇచ్చే ఇన్సూరెన్స్, ఇవన్నీ కాగితం మీదకి రావాలి. ‘టూరిస్టుగా వచ్చేయండి, తర్వాత చూద్దాం’ అంటే కదలొద్దు.

ఇక సర్వర్. మొదటి వారం లైవ్ సిస్టమ్‌లో ఏదీ మార్చకండి. కెన్యా 2011 నుంచి దేశమంతటా డీహెచ్‌ఐఎస్2నే వాడుతోంది, మనం వెళ్లి కొత్తగా పుట్టించేదేమీ లేదు. పేషెంట్ల పేర్లున్న డేటాని లాప్‌టాప్‌లోకి దించుకుని, ఇక్కడి ఫ్రెండ్‌కి పంపి ‘రిపోర్టు ఎందుకు రావట్లేదో చూడరా’ అనే అలవాటు మనవాళ్లకి ఉంది. అక్కడ 2019 నుంచి డేటా రక్షణ చట్టం ఉంది. ట్రైనింగ్‌కైనా డెమో డేటాబేసే వాడండి. కొట్టిన అంకె రిపోర్టులో కనపడలేదని గాభరా పడి మళ్లీ కొట్టొద్దు, రిపోర్టుల కోసం అంకెల్ని కూడి పెట్టే అనలిటిక్స్ టేబుల్స్ తయారయ్యే దాకా ఆగాలి.

నన్ను దెబ్బతీసింది మాత్రం సున్నా. ఒక ఆస్పత్రికి బాలింత మరణాల గడి నెలల తరబడి ఖాళీగా కనిపిస్తోంది. లెక్కలు పంపడమే లేదని మీటింగ్‌లో అనేశాను. వాళ్లు ప్రతి నెలా 0 కొడుతూనే ఉన్నారట. ఆ అంశానికి సున్నాలు నిల్వ చేసే సెట్టింగ్ పెట్టకపోతే డీహెచ్‌ఐఎస్2 సున్నాని నిల్వ చేయదు. సెట్టింగ్ చూడనిది నేను, అందరి ముందూ మాట పడింది రిజిస్టర్ రాసే ఆవిడ. ఎవరినైనా ఒక మాట అనే ముందు పక్కన కూర్చుని రిజిస్టర్ తిరగేయండి.

స్వాహిలీలో గంటల లెక్క పొద్దున్న ఆరు నుంచి మొదలవుతుంది. ‘సా మోజా’ అంటే మాటకి ఒంటిగంటే గానీ, మన గడియారంలో ఏడు. మీటింగ్ టైం మెసేజ్‌లో రాయించుకోండి. ప్లగ్గులకి మూడు దీర్ఘచతురస్రపు పిన్నులుంటాయి, అడాప్టర్లు ఇక్కడే కొనండి. హుద్‌హుద్ తర్వాత సిగ్నల్ కోసం మన ఊళ్లో ఎంత తిరిగామో గుర్తుందిగా. అక్కడ ఊళ్లలోకి వెళ్లేటప్పుడు, సిగ్నల్ అందకపోతే రాసుకోవడానికి కాగితం ఫారాల కట్ట కూడా వెంట పెట్టుకోండి.

మలేరియా భయం నైరోబీలో తక్కువ, కిసుము వైపు విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ఎక్కువ. పాడేరు ఏజెన్సీలో పనిచేసి వచ్చినవాళ్లకే ‘మాకేం కాదులే’ అనే ధీమా ఎక్కువని నా అనుమానం. మాత్రలు డాక్టరుని అడిగి వెళ్లేముందే మొదలుపెట్టండి. డాక్సీసైక్లిన్ అయితే ఆ ప్రాంతం వదిలాక కూడా 4 వారాలు వాడాలి. ఇంటికి రాగానే మానేసేవాళ్లే ఎక్కువ. తిరిగొచ్చిన రెండు మూడు నెలల్లో జ్వరం తగిలితే, వైరల్ అనుకుని ఇంట్లో పారాసిటమాల్ మింగుతూ కూర్చోకుండా అదే రోజు రక్తపరీక్షకి వెళ్లండి. కెన్యా నుంచి వచ్చానని డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి.