వాడిన ట్యూనింగ్ పరికరం కొంటున్నారా? ముందు లైసెన్స్ ఎవరి బండి మీద ఉందో చూడండి

వాడిన ఇంజిన్ ట్యూనింగ్ పరికరం (ఇంజిన్ పనితీరును మార్చుకోవడానికి వాడే పెట్టె) కొందామనుకుంటున్నానని ఎవరైనా నాకు ఫొటోలు పంపితే, స్క్రీన్ మీద గీతలు, కేబుల్ పరిస్థితి తర్వాత చూస్తాను. ముందు అడిగేది ఒకటే: దీని లైసెన్స్ ఇప్పుడు ఏ బండి మీద ఉంది? అమ్మేవాళ్ల దగ్గర దానికి సరైన జవాబు లేకపోతే, ఎంత చవగ్గా వస్తున్నా వదిలేయమనే చెప్తాను.

ట్యూనింగ్ పరికరంతో పాటు మనం కొనేది ఇంకొకటి ఉంది. ఆ పెట్టెతో ఫలానా బండి ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, కొత్త ప్రోగ్రామ్ రాసుకోవచ్చని కంపెనీ ఇచ్చే అనుమతి, అదే లైసెన్స్. కొత్తది కొన్నప్పుడు దాన్ని మన బండికే వాడుకుంటాం కాబట్టి ఆ ఆలోచనే రాదు. చెయ్యి మారేటప్పుడే చిక్కు మొదలవుతుంది. కొన్నింటిలో ఆ అనుమతి పెట్టెలోనే ఉంటుంది, కొన్నింటిలో బండి ఈసీయూతో ముడిపడి ఉంటుంది, మరికొన్నింటిలో కంపెనీ రికార్డుల్లో ఆ సీరియల్ నంబర్ పేరిట ఉంటుంది. మీరు కొనబోయేది ఏ రకమో తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

కాబ్ ఆక్సెస్‌పోర్ట్ సంగతే చూడండి. సుబారు, మాజ్డా, ఫోర్డ్ లాంటి టర్బో బండ్లకు ఎక్కువగా వాడతారు. ఇది ఒకసారికి ఒక్క బండికే ఇన్‌స్టాల్ అవుతుంది. ట్యూనింగ్ చేసేవాళ్లు, అంటే ట్యూనర్లు, దీన్నే 'మ్యారీ' అయిందంటారు. విడదీయాలంటే మళ్లీ అదే బండికి తగిలించి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి. అప్పుడు ఈసీయూలోకి ఫ్యాక్టరీ ప్రోగ్రామ్ తిరిగి వెళ్తుంది, పరికరం ఇంకో బండికి సిద్ధమవుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అమ్మే మనిషి కారును ఎప్పుడో అమ్మేసి ఉంటాడు, లేదా అది యాక్సిడెంట్లో పోయి ఉంటుంది. సొరుగులో మిగిలిపోయిన పరికరాన్ని 'బాగా పనిచేస్తోంది' అని అమ్మకానికి పెడతాడు. అతను అబద్ధం చెప్పాడని కూడా అనలేం. ఆన్ అవుతుంది, మెనూలన్నీ తెరుచుకుంటాయి. మీ బండికి మాత్రం ఎక్కదు. నా స్నేహితుడొకడికి సరిగ్గా ఇలాగే జరిగింది, డబ్బు అందాక అమ్మినతను ఫోన్ ఎత్తడమే మానేశాడు. అప్పుడిక కంపెనీని అడుక్కోవాలి. వాళ్లు ఒప్పుకుంటే ఫీజు కట్టాలి.

అందుకే డబ్బు పంపకముందే వీడియో కాల్ అడగండి. పరికరాన్ని కంప్యూటర్‌కి తగిలించి ఆక్సెస్‌పోర్ట్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ తెరవమనండి. ఇన్‌స్టాల్ అయి ఉందా లేదా అన్నది తెలిసిపోతుంది, సీరియల్ నంబరూ కనిపిస్తుంది. కాల్ కట్ చెయ్యకుండానే ఆ నంబర్‌ను పరికరం మీది స్టిక్కర్‌తో పోల్చి చూపించమనండి. నిజాయితీపరుడైతే దీనికి విసుక్కోడు. ఆ తర్వాత పార్ట్ నంబర్. 'ఏపీ3-ఎస్‌యూబీ' అని మొదలైతే అది సుబారుది, చివరి అంకెలను బట్టి ఏ మోడళ్లు, ఏ సంవత్సరాలన్నది మారుతుంది. మోడల్ పేరు ఒకటే అయినా ఏడాది మారితే పనికిరాకపోవచ్చు. కంపెనీ ప్రచురించే జాబితాలో మీ బండి ఏడాది ఉందో లేదో మీరే చూసుకోండి, అమ్మేవాళ్ల మాట మీద పోకండి.

హెచ్‌పీ ట్యూనర్స్ అనే కంపెనీ వాళ్ల ఎంపీవీఐ2, ఎంపీవీఐ3 పెట్టెల లెక్క వేరు. ఇక్కడ క్రెడిట్లు, అంటే లైసెన్స్‌కి వాడే యూనిట్లు, డబ్బు కట్టి కొనాలి. ఒక బండిని లైసెన్స్ చెయ్యడానికి ఇన్ని క్రెడిట్లని ఉంటుంది, బండిని బట్టి అది మారుతుంది. ఒకసారి లైసెన్స్ అయ్యాక ఆ బండిని అదే పెట్టెతో ఎన్నిసార్లయినా ట్యూన్ చేసుకోవచ్చు. 'అదే పెట్టెతో' అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ కారును ఒక ట్యూనర్ తన ఎంపీవీఐతో లైసెన్స్ చేసి ఉన్నా, మీరు సొంతంగా ఇంకో పెట్టె కొంటే మళ్లీ క్రెడిట్లు పెట్టాల్సిందే.

కాబట్టి ప్రకటనలో 'అయిదు బండ్లకు లైసెన్స్ ఉంది' అని రాసి ధర పెంచితే ఆ మాటకు విలువ కట్టకండి, అవి వేరేవాళ్ల బండ్లు. వాడకుండా మిగిలిన క్రెడిట్లు ఎన్నో సాఫ్ట్‌వేర్‌లో చూపించమనండి. కారు, దాన్ని ట్యూన్ చేసిన పెట్టె రెండూ ఒకే మనిషి దగ్గర కొంటుంటే మాత్రం నేను కాస్త ఎక్కువైనా ఇస్తాను, ఆ లైసెన్స్ నేరుగా మీకు పనికొస్తుంది. పెట్టె పాత యజమాని ఖాతాలో నమోదై ఉంటే దాన్ని విడిపించాకే డబ్బు ఇవ్వండి. మొదటి తరం ఎంపీవీఐ అయితే ఇంకా జాగ్రత్త. అందులో జీఎంకి (జనరల్ మోటార్స్), ఫోర్డ్‌కి క్రెడిట్లు వేర్వేరు, ఇప్పటి సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకుంటుందో లేదో కూడా ముందు కనుక్కోవాలి.

మార్కెట్లో దొరికే మిగతా పరికరాల సంగతి క్లుప్తంగా. ఈఎఫ్ఐలైవ్ ఫ్లాష్‌స్కాన్ పాత యూనిట్లలో బండ్లకు లైసెన్స్ ఇచ్చే స్లాట్లు అప్పటికే వాడేసి ఉండొచ్చు, ఖాళీవి ఎన్నో అడగండి. హోండాటా ఫ్లాష్‌ప్రో ఒక ఈసీయూకి లాక్ అవుతుంది, అమ్మేముందు ఆ బండి మీదే అన్‌లాక్ చెయ్యాలి. ఈక్యూటెక్‌లో లైసెన్స్ ఈసీయూతో ఉండిపోతుంది, కాబట్టి కేబుల్ ఒక్కటే కొంటే మీ బండికి లైసెన్స్ వచ్చినట్టు కాదు. బైకుల పవర్ కమాండర్ 5 ఈసీయూకి, ఇంజిన్ వైర్లకి మధ్యలో కూర్చుని సిగ్నళ్లను మార్చే రకం (దీన్ని పిగ్గీబ్యాక్ అంటారు), దానికి బండి లాక్ లేదు, మీ మోడల్ వైరింగ్‌కి సరిపోతే చాలు. ట్యాక్ట్రిక్స్ ఓపెన్‌పోర్ట్ 2.0 కేబుల్‌కీ లాక్ లేదు, కానీ నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నకిలీ కేబుల్‌తో డేటా చదివేయొచ్చు గానీ, ఈసీయూలో రాస్తుండగా మధ్యలో ఆగిందంటే బండి స్టార్ట్ కూడా కాకపోవచ్చు. చవగ్గా వచ్చిందని ఆ ప్రమాదం తెచ్చుకోకండి.

లైసెన్స్ ఏ బండి మీద ఉందో చెప్పడానికి అమ్మేవాళ్లు ఆ బండి విన్, అంటే ఛాసిస్ నంబర్, పంపొచ్చు. అందులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు రావు. అమ్మేవాళ్లు పంపిన విన్‌లో అవి కనిపిస్తే ఒకటికో సున్నాకో బదులు తప్పుగా రాశారని అర్థం. మీ బండిది కూడా మెటల్ ప్లేటు మీద చూసి ఊరుకోకండి, ఓబీడీ స్కానర్‌తో (బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి తగిలించే పరికరం) ఈసీయూ చెప్పేది చదవండి. ఎవరో పాత ఈసీయూ తెచ్చి వేసి ఉంటే రెండూ కలవవు. లైసెన్స్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూసేది ఈసీయూలో ఉన్నదాన్నే.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోండి. పరికరానికి కంపెనీ ఇచ్చే లైసెన్స్ వేరు, మార్చిన ప్రోగ్రామ్‌తో రోడ్డెక్కే అనుమతి వేరు. ఈసీయూ తన ప్రోగ్రామ్‌కి సీవీఎన్ అనే చెక్ నంబర్ చెబుతుంది, ట్యూన్ చేస్తే అది మారొచ్చు, తనిఖీలో అలా పట్టుబడొచ్చు. కాలిఫోర్నియాలో 2021 జులై నుంచి స్మాగ్ చెక్ అనే పొగ తనిఖీలో మార్చిన సాఫ్ట్‌వేర్ ఉందా అని చూస్తున్నారు. మీరుండే చోట తనిఖీలో ఏం చూస్తారో కనుక్కుని అప్పుడు ట్యూన్ సంగతి చూడండి.

పరికరం చేతికొచ్చిన రోజే కంప్యూటర్‌కి తగిలించి సీరియల్, లైసెన్స్ స్థితి, క్రెడిట్లు మళ్లీ చూడండి, వాపసు గడువు దాటనివ్వకండి. ట్యూన్ ఫైల్ ఎక్కించేముందు బ్యాటరీకి స్థిరమైన ఛార్జర్ పెట్టండి. పరికరం ఈసీయూని చదవగలిగే రకమైతే అందులో ఇప్పుడున్న ప్రోగ్రామ్‌ను చదివి రెండు చోట్ల దాచండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే అందులో ఉన్నది ఫ్యాక్టరీదేనని అనుకోకండి, పాత ఓనర్ వేయించిన ట్యూనే ఇంకా నడుస్తుండొచ్చు.